మాటల్లేని ఇళ్ళ మధ్య మంచినీళ్ళు

ఇరవై రెండేళ్ళు నేను ఊళ్ళలో జనాన్ని కలిపే ఉద్యోగం చేసా. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మా అత్తగారు చివరిదాకా నమ్మలేదు. "మీ అల్లుడు ఏం చేస్తాడమ్మా?" అని ఎవరన్నా అడిగితే "ఊళ్ళ మీద తిరుగుతాడు" అని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేనెప్పుడూ ఖండించలేదు.

నందిగామ బస్టాండుకి కాస్త ఎడంగా, ఎరువుల కొట్టు పైన మేడ మీద ఉండేది మా స్వచ్ఛంద సంస్థ ఆఫీసు. నా హోదా క్షేత్ర సమన్వయకర్త. ఆ రెండు మాటలూ కలిపి పలకడం కష్టమని ఊళ్ళల్లో నన్ను "సంస్థ సార్" అనేవాళ్ళు. యాభై మూడేళ్ళకే రిటైరయ్యా. నిజానికి రిటైరైంది ప్రాజెక్టు. దాని వెనకాలే నేనూ ఇంటికొచ్చేసా.

ఈమధ్య మీలాంటివాళ్ళు, సోషల్ వర్క్ చదువుకుని కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు, వచ్చి అడుగుతున్నారు: "సార్, మీ అనుభవంలో ఒక గొప్ప విజయం చెప్పండి." గొప్ప విజయాలన్నీ వార్షిక నివేదికల్లో రంగుల ఫొటోలతో భద్రంగా ఉన్నాయి, చదువుకోండి. నేను చెప్పేది, చక్కగా నడుస్తున్న ఒక ఊరిని నేను దాదాపు చెడగొట్టిన సంగతి. నేను ఏది చెప్పినా కాస్త కలిపి చెప్తానని మావాళ్ళంటారు. కలిపిందేదో మీరే తీసేసుకోండి. మిగిలింది జరిగింది.

ఊరు వీరులపాడు దాటాక వస్తుంది. పేరు చెప్పను. చెప్తే వాళ్ళకి తెలిసిపోతుంది, తెలిస్తే భోజనానికి పిలుస్తారు, నాకు ఇప్పుడు షుగరు.

ఆ పక్కంతా నేల కింద సున్నపురాయి. బోర్లలో వచ్చేవి నీళ్ళే, కానీ తాగితే నాలుక మీద సుద్దముక్క అరగదీసినట్టుంటుంది. సబ్బు నురగ రాదు. పొద్దున పొయ్యెక్కించిన కందిపప్పు సాయంత్రానికి కూడా పలుకు మీదే ఉంటుంది. ఒకావిడ ఇంట్లో సత్తుబిందె అరిగి చిల్లులు పడి ఊడిపోతే, లోపల పేరుకున్న సున్నం బిందె ఆకారంలో నిక్షేపంగా నిలబడి ఉందట. ఆవిడ ఇంకో రెండేళ్ళు దాంతోనే నీళ్ళు మోసింది. ఇది నేను చూసింది కాదు, ఆవిడ కోడలు చెప్పింది. కోడలు అత్తగారి పొదుపుని అంతలా మెచ్చుకున్నప్పుడు మనం నమ్మాలి.

తాగడానికి మాత్రం చలికాలమంతా ఆడవాళ్ళు వాగులో ఇసక తవ్వి, చెలమల్లో ఊరిన నీళ్ళు గరిటెలతో తోడుకుని తెచ్చుకునేవాళ్ళు. ఎండలు ముదిరితే చెలమలు ఎండిపోయేవి. అప్పుడిక నందిగామ నించి ఆటోలో క్యాన్లు రావాలి. ఆటో రాని రోజు సుద్దముక్క నీళ్ళే గతి.

ఆ ఊరికి ఒక నీళ్ళ ప్లాంటు పెట్టిస్తామని పెద్ద సంస్థ ఒకటి ముందుకొచ్చింది. ప్లాంటు ఒక్కటే ఉంది, ఊళ్ళు రెండు పోటీలో ఉన్నాయి. రెండోది జగ్గయ్యపేట వైపు ఊరు. ఏ ఊళ్ళో జనం కలిసికట్టుగా ఉంటే ఆ ఊరికి ఇస్తారు. ప్లాంటు పెట్టి వెళ్ళిపోతే తర్వాత నడుపుకోవాల్సింది ఊరే కదా అని వాళ్ళ వాదన. న్యాయమైనదే. ఈ కలిసికట్టుతనానికి వాళ్ళు పెట్టిన పేరు సామాజిక పెట్టుబడి. దాన్ని కొలవడానికి నలభై ప్రశ్నల ఫారం పంపారు.

ఫారం పట్టుకుని వెళ్ళా. మొదటి ఇంట్లో మిరప రైతు.

"మీ ఊళ్ళో సామాజిక పెట్టుబడి ఎలా ఉందండీ?"

"ఎకరానికా?" అన్నాడాయన.

ఆ మాట పక్కన పెట్టి ప్రశ్నల్లోకి దిగా. "మీ ఊళ్ళో ఎంతమందిని నమ్ముతారు?"

"ఏ విషయంలో?"

"మామూలుగా."

"మామూలుగా ఎవర్నీ నమ్మను. విషయం వస్తే అందర్నీ నమ్ముతా."

ఫారంలో ఈ జవాబుకి గడి లేదు. సున్నా వేసా. "కిందటేడు ఎన్ని సమావేశాలకి హాజరయ్యారు?" అంటే "దినాలు లెక్కలోకొస్తాయా?" అన్నారు. "ఏ సంఘంలో సభ్యులు?" అంటే ఊరంతా ఒకే మాట: "ఏ సంఘంలోనూ లేం సార్, మా పనేదో మేం చూసుకుంటాం." మొత్తం కూడితే ఊరికి వచ్చిన మార్కులు, మా అబ్బాయికి ఎనిమిదో తరగతి హిందీలో వచ్చినవాటి కంటే తక్కువ.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మే నెలలో కూడా ఎండని బోరు ఊరు మొత్తంలో ఒక్కటే. అది ఒకాయన దొడ్లో ఉంది. ప్లాంటు కట్టడానికి పనికొచ్చే ఖాళీ స్థలమూ ఒక్కటే. అది రోడ్డుకి ఇవతల ఇంకొకాయనది. పేర్లు చెప్పనన్నాను కాబట్టి ఒకర్ని బోరు ఆయన అంటా, ఇంకొకర్ని స్థలం ఆయన అంటా. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరి ఇళ్ళూ ఎదురెదురు. మధ్యలో పన్నెండడుగుల సిమెంటు రోడ్డు. ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

కారణం చిన్నదేం కాదు. స్థలం ఆయన కూతురి పెళ్ళికి శుభలేఖ పట్టుకుని ఎదురింటికి వెళ్ళాడు. ఇంటికి తాళం వేసుంది. మనలో ఉన్న పద్ధతే కదా, తలుపుకి బొట్టు పెట్టి, కార్డు గుమ్మంలో పెట్టి వచ్చేశాడు. బోరు ఆయన ఊరి నించి వచ్చి చూసుకుని, "పిలిచింది తలుపుని. నన్ను కాదు. తలుపుకి వీలైతే వెళ్తుంది" అని పెళ్ళికి వెళ్ళలేదు. స్థలం ఆయన కూడా తక్కువ తినలేదు. విందులో ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, "ఇది తలుపుగారి సీటు, ఎవరూ కూర్చోకండి" అన్నాడట. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

నాకు అప్పటికి మూడు నెలల ముందే హైదరాబాదులో ఒక శిక్షణ అయింది. అక్కడొక పెద్దాయన బోర్డు మీద చుక్కలు పెట్టి, చుక్కల మధ్య గీతలు గీసి, "ప్రతి చుక్కా ఒక కుటుంబం, ప్రతి గీతా ఒక సంబంధం. ఎక్కడ గీత లేదో అక్కడ గీత గియ్యండి, అదే అభివృద్ధి" అన్నాడు. నేను బుద్ధిగా రాసుకున్నా. తిరిగొచ్చి ఆ ఊరికి చార్టు గీస్తే, బోరు ఆయన చుక్కకీ స్థలం ఆయన చుక్కకీ మధ్య గీత లేదు. నా కర్తవ్యం గోడ మీద వేలాడుతూ కనపడింది.

ఇక్కడ నేనొక అబద్ధమాడా. ఉద్యోగరీత్యా ఆడినవాటిలో ఇది మధ్యరకం. బోరు ఆయన దగ్గరికెళ్ళి, "ఎదురింటాయన చాలా బాధపడుతున్నాడండీ, తప్పు తనదేనని ఒప్పుకోవాలని ఉందట" అన్నా. రోడ్డు దాటి స్థలం ఆయనకీ అదే చెప్పా. ఇద్దర్నీ ఆదివారం నందిగామలో మా ఇంటికి భోజనానికి పిలిచా. నాటుకోడి, గారెలు.

ఇద్దరూ వచ్చారు. ఎదురెదురుగా కూర్చున్నారు. ఎదుటివాడు క్షమాపణ ఎప్పుడు మొదలెడతాడా అని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ మూడేసిసార్లు మారు అన్నం పెట్టించుకున్నారు. గారెలు అయిపోయాయి. కోడి అయిపోయింది. పెరుగన్నంలోకి వచ్చాక, ఇక తప్పదన్నట్టు బోరు ఆయన అన్నాడు: "ఏం, బానే ఉన్నావా?"

"ఆ. నువ్వో?"

"ఆ."

నేను ఆ సాయంత్రమే ఆఫీసుకి వెళ్ళి చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో లావుపాటి గీత గీసా. మా ఆవిడ గిన్నెలు సర్దుతూ, "మీరు వాళ్ళని కలిపారో, ఇద్దరికీ ఆశ పెట్టి పంపారో నాకు తెలీదు గానీ, రేపటికని ఉంచిన కోడి కూడా అయిపోయింది" అంది. ఆవిడ ఏ శిక్షణకీ వెళ్ళలేదు.

మర్నాటి నించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మొదటి రోజు కల్లంలో మిరపకాయలు ఆరబోసిన చోటు గురించి మాట్లాడుకున్నారు. రెండో రోజు గేదె రోడ్డు మీద వేసిన పేడ గురించి. నాలుగో రోజు మాట్లాడుకుంటుంటే పక్క బజారు వాళ్ళు పరిగెత్తుకొచ్చి విడదీశారు. ఫారంలో "కుటుంబాల మధ్య పరస్పర సంభాషణలు" అనే గడి ఉంది. ఆ వారం అది బ్రహ్మాండంగా పెరిగింది. నేను రాసి పంపా.

ఆ గొడవ చూశాకైనా నాకు బుద్ధి రావాల్సింది. ఊళ్ళో మామ్మగారు ఒకావిడ వాకిట్లో చింతపండు పిక్క తీస్తూ నన్ను పిలిచి మరీ చెప్పింది. "నాయనా, నువ్వు రాకముందు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎంత హాయిగా ఉండేదో."

నేను నవ్వి, "మార్పు మొదట్లో అలాగే ఉంటుంది మామ్మగారూ" అన్నా.

"అట్లాగా" అని ఆవిడ పిక్కలు ఊడ్చుకుంది.

తర్వాతి వారం పెద్ద సంస్థ నించి మేడం వచ్చింది. విజయవాడ ఆవిడ, చేతిలో ట్యాబు, మాట మెత్తన, చూపు గట్టిది. పొద్దున్నే పాలకేంద్రం అరుగు మీద ఊరిని కూర్చోబెట్టా. బోరు ఆయన్నీ స్థలం ఆయన్నీ ముందు వరసలో, పక్కపక్కనే. చూడ్డానికి కళ్యాణమండపంలో వియ్యంకుల్లా ఉన్నారు.

మేడం అడిగింది: "బోరు మీరిస్తున్నారు, స్థలం మీరిస్తున్నారు. మీ ఇద్దరి మధ్యా అవగాహన ఉందా?"

"ఉందండీ" అన్నాడు స్థలం ఆయన. "మా వాడు మొన్న తప్పు ఒప్పుకున్నాడు. పోనీలే అని నేనూ వదిలేశా."

బోరు ఆయన మెల్లగా తల తిప్పాడు. "ఎవరు ఒప్పుకుంది?"

"నువ్వేగా. సంస్థ సార్‌తో చెప్పి పంపావంటగా."

"నేను చెప్పి పంపానా? ఏడుస్తూ కబురు పెట్టింది నువ్వు! అందుకే గదా నీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నా."

"తినడం మాత్రం బానే తిన్నావు. మూడుసార్లు పెట్టించుకున్నావు."

"తలుపుని పెళ్ళికి పిలిచినోడివి, నువ్వా నాకు చెప్పేది!"

"ఆ తలుపైనా నీకంటే మర్యాదస్తురాలు!"

తర్వాత పది నిమిషాలు నేను చెప్పను. సారాంశం ఏమిటంటే, బోరులో చుక్క నీరు రోడ్డు దాటదని ఒకాయన, స్థలంలో గునపం దిగదని ఒకాయన, ఇకమీదట నీ మొహం చూసి మాట్లాడితే నన్ను పేరుపెట్టి పిలవొద్దని ఇద్దరూ చెరో దిక్కూ వెళ్ళిపోయారు. అరుగు మీద మేడం, నేను, ఒక పాల క్యాను మిగిలాం.

మేడం ట్యాబులో ఏదో నొక్కింది. "నమ్మకం, తక్కువ" అని నొక్కిందని నాకు తెలుసు, ఎందుకంటే నాకా గడులన్నీ కంఠతా వచ్చు. "మూడింటికి నేను జగ్గయ్యపేట వైపు ఊళ్ళో ఉండాలండీ" అంది. "ఈలోగా ఇద్దరి సంతకాలూ వస్తే సరే. లేకపోతే ప్లాంటు అక్కడికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇంకోటి ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు నాకేసి చూశారు. అందులో ఇద్దరి చంకల్లో బిందెలున్నాయి, వాగు నించి అప్పుడే వస్తున్నారు. ఇరవై రెండేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. ఆ చూపు లాంటిది మాత్రం ఎవరూ తిట్టలేదు.

సరిగ్గా అప్పుడు నందిగామ ట్రిప్పు ముగించుకుని ఆటో భాయ్ వచ్చాడు.

ఈ భాయ్ గురించి మీకు ఇంతసేపూ చెప్పలేదు. ఎందుకంటే నాకూ అప్పటిదాకా తెలీదు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన సాయిబుల కుటుంబం. ఆటో నడుపుతాడు. నా చార్టులో ఆయన చుక్క లేదు. సర్వేకి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో లేడు, రోడ్డు మీద ఉన్నాడు. "అందుబాటులో లేరు" అని రాసి కొట్టేశా. తమాషా ఏమిటంటే, ప్రతిసారీ నేను ఆ ఊరు వెళ్ళింది ఆయన ఆటోలోనే.

మామ్మగారు వెళ్ళి సంగతి చెప్పింది. భాయ్ క్యాన్లు దించుతూ అంతా విని, ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "ఇప్పుడు ఇద్దరికీ మాటలున్నాయా, లేవా?"

"లేవు. ఒట్టేసుకుని మరీ పోయారు."

"హమ్మయ్య" అన్నాడు భాయ్. "ఇక పని చెయ్యొచ్చు."

నేను దగ్గరికి వెళ్ళా. "భాయ్, ఏం చేస్తావు?"

"రోజూ చేసేదే సార్. తొమ్మిదేళ్ళుగా వాళ్ళ కబుర్లు మోసేది నేనే. ఆయన మాట ఈయనకి, ఈయన మాట ఆయనకి. మీరు వాళ్ళని కలిపిన కాణ్ణించీ నాకు పని తగ్గింది, ఊరికి గొడవ పెరిగింది."

"అన్నది అన్నట్టు చెప్తావా?"

భాయ్ నన్ను జాలిగా చూశాడు. "అన్నది అన్నట్టు చెప్తే నా ఆటోకి అద్దాలు మిగులుతాయా సార్?"

"మరి నీకేంటి లాభం?"

"రెండిళ్ళలోనూ కలిపి నా బండెక్కేది తొమ్మిది మంది. కొట్టుకుంటే ఒక బండిలో కూర్చోరు, రెండు ట్రిప్పులెయ్యాలి. డీజిలు మీ సంస్థ పోస్తుందా?"

"ప్లాంటు వస్తే నీ క్యాన్ల బేరం పోతుందిగా?"

"పోనీ సార్. ఆ క్యాన్లు ఎత్తీ ఎత్తీ నా నడుము మా నాన్న నడుం కంటే ముసలిదైంది."

మేడం కూడా వస్తానంది. భాయ్ కాసేపు ఆలోచించి, "రండి మేడం. కానీ నవ్వకూడదు" అన్నాడు. నాకు మాత్రం, "మీరు నోరు తెరవకూడదు" అన్నాడు.

బోరు ఆయన వసారాలో మంచం మీద గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. భాయ్ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మేమిద్దరం గేదెల పాక పక్కన నిలబడ్డాం.

"ఏవండీ పెద్దాయనా, నీళ్ళ సంగతి ఏం చెప్పమంటారు అవతలాయనకి?"

"నీళ్ళా? మొహం కడుక్కోవడానికి కూడా ఇవ్వనని చెప్పు. పో."

భాయ్ లేచి రోడ్డు దాటాడు. మేం వెనకాల. స్థలం ఆయన గుమ్మంలో కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు, ఎవరి పీకో కత్తిరిస్తున్నట్టు.

"పెద్దాయన నీళ్ళ గురించే ఆలోచిస్తున్నారండీ" అన్నాడు భాయ్. "పైపు ఏ పక్క నించి వస్తే మీకు ఇబ్బంది ఉండదో కనుక్కోమన్నారు."

"ఇబ్బందా? వాడి కంటే ఇబ్బంది ఏముంది నాకు? నా స్థలంలో గునపం దిగిందా, వాడి కాళ్ళు విరుగుతాయని చెప్పు."

మళ్ళీ రోడ్డు. "తవ్వేటప్పుడు మిమ్మల్ని కాస్త ఎడంగా ఉండమంటున్నారండీ. గునపాలు కదా, కాళ్ళకి తగుల్తాయని."

బోరు ఆయన గోడకేసే చూస్తూ వేలితో సున్నం గీకాడు. తర్వాత, "కాళ్ళంటే... వాడి మోకాలు ఎట్లా ఉందంటా? కుంటుతున్నాడు పొద్దున" అన్నాడు.

భాయ్ గబగబా రోడ్డు దాటాడు. "మీ మోకాలు ఎట్లా ఉందని అడిగారండీ."

ఆ రోజు మొత్తం మీద ఒక్క అక్షరం మార్చకుండా రోడ్డు దాటిన కబురు అదొక్కటే. స్థలం ఆయన అడకత్తెర పక్కన పెట్టాడు. "నూనె రాస్తున్నా, తగ్గుతుంది" అన్నాడు, తన మోకాలితో చెప్తున్నట్టు. ఆ తర్వాత, "పైపు ఉత్తరప్పక్క నించి తెచ్చుకోమను. దక్షిణం పక్క మొక్కలున్నాయి" అన్నాడు.

ఇక బోర్డు గొడవ మిగిలింది. ప్లాంటు మీద ఎవరి తండ్రి పేరు రాయాలి? బోరు ఆయన, "మా నాన్న పేరు లేకపోతే మోటారు స్విచ్చి నొక్కను" అన్నాడు. భాయ్ వెళ్ళి స్థలం ఆయనతో ఏమన్నాడో వినండి: "పెద్దాయన మీ నాన్నగారి పేరు రాయించమంటున్నారండీ. స్థలం ఇచ్చింది వాళ్ళు కదా అన్నారు."

స్థలం ఆయన నోట్లో వక్క ఆగిపోయింది. "వాడా? మా నాన్న పేరా?" రోడ్డు అవతలి ఇంటి వైపు చూశాడు. "వద్దులే. వాళ్ళ నాన్న నాకు పెదనాన్నేగా. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్ళకి తీసుకెళ్ళినాయన. ఆయన పేరే రాయించమను."

భాయ్ ఆ కబురు పట్టుకుని లేచాడు. పక్కన మేడం ఆగలేకపోయింది. రోడ్డు మధ్యలో ఆపింది. "భాయ్, ఈయన నాన్నగారి పేరు రాయించమని పెద్దాయన అనలేదు కదా?"

"అనలేదు మేడం" అన్నాడు భాయ్. "అనాల్సింది."

అవతల బోరు ఆయన ఆ కబురు విని గోడ వైపు నించి ఇటు తిరిగాడు. మంచం మీద లేచి కూర్చుని తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. చివరికి ఇద్దరి తండ్రుల పేర్లూ వద్దని, ఇద్దరి తాతగారి పేరు రాయాలని తేలింది. తాత ఇద్దరికీ ఒక్కడే. ఈ సంగతి తొమ్మిదేళ్ళుగా ఊరందరికీ తెలుసు, ఆ ఇద్దరికీ తప్ప.

ఒకే కాగితం మీద మాత్రం సంతకాలు పెట్టం అన్నారు ఇద్దరూ. వాడు ముట్టుకున్న కాగితం నేను ముట్టుకోను, అంతే. మేడం ట్యాబు సంచీలో పెట్టేసి, రెండు కాగితాలు తీసి, రెండిటి మీదా అదే ఒప్పందం తన చేత్తో రాసింది. రెండున్నరకి రెండు సంతకాలూ వచ్చాయి. ఆవిడ జగ్గయ్యపేట వైపు ఫోను చేసి రావడం లేదని చెప్పింది. ఆ ఊరి గురించి నేనిప్పటికీ అప్పుడప్పుడూ ఆలోచిస్తా. వాళ్ళకి మార్కులు బాగా వచ్చాయట.

వెళ్ళేముందు మేడం భాయ్‌తో అంది: "మిమ్మల్ని నీళ్ళ కమిటీలో వేస్తామండీ. మీరే ముఖ్యం."

భాయ్ చేతులు జోడించాడు. "వద్దు మేడం. కమిటీ అంటే ఎవరేమన్నారో అన్నది అన్నట్టు పుస్తకంలో రాయాలంటగా. ఈ ఊళ్ళో ఎవరూ మిగలరు."

ఆవిడ వెళ్ళాక నివేదిక రాయాల్సింది నేను. "సఫలతకి తోడ్పడిన అంశాలు" అనే గడి ముందు చాలాసేపు కూర్చున్నా. చివరికి "స్థానిక రవాణా సౌకర్యం" అని రాసా. పైవాళ్ళు మెచ్చుకుని, మిగతా ఊళ్ళలో కూడా రవాణా మీద దృష్టి పెట్టమని ఉత్తరం రాశారు.

మీకు చెప్పొచ్చేదేమిటంటే, నేనూ అబద్ధమే ఆడా, భాయ్ కూడా అబద్ధమే ఆడాడు. నాది చెడింది, ఆయనది నిలబడింది. చాలాకాలం నాకు తేడా అర్థం కాలేదు. నేను అబద్ధం చెప్పి, అది నిజమో కాదో తేల్చుకోమని ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టా. భాయ్ చెప్పి, మధ్యలో రోడ్డుని ఉండనిచ్చాడు. ఊరికి వెళ్ళి ఏ గీత లేదో వెతుక్కునే ముందు, గీత లేకుండా ఊరు ఇన్నాళ్ళూ ఎలా నడిచిందో ఒకసారి అడగండి. అడిగినా చెప్పరనుకోండి. మీరు ఎక్కి వచ్చిన ఆటో ఎవరిదో అదన్నా చూసుకోండి.

ప్లాంటు రెండు నెలల్లో లేచింది. రెండు కుళాయిలు పెట్టించాం, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మొదటి రోజు ఊరంతా బిందెలు, క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడింది. మామ్మగారు గ్లాసుడు తాగి, "ఇవి నీళ్ళలాగే ఉన్నాయే" అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు నేను చూడలేదు.

స్థలం ఆయన వంతు వచ్చింది. క్యాను పెట్టి కుళాయి తిప్పాడు. రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. రాలేదు. రెండో కుళాయి దగ్గర నిలబడ్డ బోరు ఆయన ఇది చూసి ఆగలేక, భాయ్ కోసం అటూ ఇటూ చూశాడు. భాయ్ లేడు. ఎవరికో జ్వరమైతే జగ్గయ్యపేట ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. స్థలం ఆయనా చూశాడు భాయ్ కోసం. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

బోరు ఆయన ఆకాశంకేసి చూస్తూ నాతో అన్నాడు: "ఆ బుర్రతక్కువ వెధవకి చెప్పండి, ఎడమపక్కకి తిప్పాలని. పుట్టిన కాణ్ణించీ అన్నీ వ్యతిరేకమే వాడికి."

నాలుగడుగులు వేసి స్థలం ఆయన దగ్గరికి వెళ్ళా. గొంతు సవరించుకున్నా. "కుళాయి కొత్తది కదండీ, బిగుతుగా ఉంటుందట. ఎడమపక్కకి తిప్పితే మీ చేతికి శ్రమ ఉండదని చెప్పమన్నారు."

ఆయన ఎడమపక్కకి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి. క్యాను నిండింది. మూత బిగించి, తువ్వాలుతో క్యాను తుడిచి, నడుం నిలబెట్టుకుని, నన్ను పైకీ కిందకీ చూశాడు.

"నాకు మోకాలే పోయింది సార్, చెవులు కాదు" అన్నాడు. "తొమ్మిదేళ్ళ నించీ వాడు అన్నవన్నీ నాకు మా గుమ్మంలోకి వినపడుతూనే ఉన్నాయి."

క్యాను భుజానికెత్తుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"పర్లేదు, బానే చెప్పారు. భాయ్ అయితే ఇంకాస్త బాగా చెప్పేవాడు."